నీడ తప్పు చెప్పిన రోజు

అనంతలక్ష్మి అక్కను నేను మొదట చూసింది మా వంటింటి కిటికీలోంచి. 1980 నవంబరు నెల. అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ల మధ్య కార్లు పెట్టుకునే చోట, చీర మీద మగాళ్ళ కోటు తొడుక్కున్న ఒకావిడ పిల్లబండి పట్టుకుని నిలబడి ఉంది. నేను కుక్కరు పొయ్యి మీద పెట్టి చూశాను, నిలబడే ఉంది. కుక్కరు దించి చూశాను, అక్కడే ఉంది. మధ్యమధ్యలో తలెత్తి మబ్బుకేసి చూస్తోంది. బండిలో పిల్ల నిద్రపోతోంది.

ఉండబట్టలేక చెప్పులేసుకుని కిందికి దిగాను.

“తెలుగువాళ్ళేనా అండీ?”

“అవునమ్మా.”

“ఎవరికోసమైనా చూస్తున్నారా?”

“ఎవరికోసమూ కాదమ్మా. ఎండ వస్తుందేమోనని.”

నాకు అర్థం కాలేదు. మెల్లిగా లాగితే సంగతి బయటికొచ్చింది. మా కాంప్లెక్సులో బిల్డింగులన్నీ ఒకే అచ్చు. అదే ఇటుక రంగు, అవే మెట్లు, అవే తలుపులు. నంబర్లు వేశారు గానీ ఒక వరసలో ఉండవు. అందుకని ఆవిడ ఒక గుర్తు పెట్టుకుంది. రోజూ పన్నెండింటికి పాపని తిప్పడానికి బయటికొస్తుంది. ఆ వేళప్పుడు మనిషి నీడ ఉత్తరానికి పడుతుంది. వాళ్ళ ఇల్లు ఉత్తరం కొసన ఉంది. నీడ వెంట నడిస్తే ఇల్లు వచ్చేస్తుంది. ఏడాది నుంచి అలాగే వెళ్తోంది. ఆ రోజు మబ్బు పట్టింది, నీడ లేదు.

“మరి ఎవర్నైనా అడక్కపోయారా?”

“ఎవరి పనుల్లో వాళ్ళుంటారు కదమ్మా. ఊరికే ఎందుకు వాళ్ళని.”

వాళ్ళ ఇల్లు మా పక్క బిల్డింగే. నలభై అడుగుల దూరం కూడా ఉండదు.

ఆవిడది నరసాపురం, నాది పాలకొల్లు. రెండు ఊళ్ళకీ మధ్య దూరం ఎంత? అమెరికాలో కలిశాక అసలు దూరమే లేదు. నేను ఆవిడని అక్కా అన్నాను, ఆవిడ నన్ను ఒసే సుమతీ అంది. అక్కకి ఇరవై నాలుగేళ్ళకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. అన్నగారింట్లో ఒక మూల కూర్చుని ఇరవై ఏళ్ళు లేసు అల్లింది. మా వైపు ఆడవాళ్ళకి అదొక బతుకుతెరువు. ఇంట్లో అల్లిస్తారు, కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళి ఏ దేశానికో అమ్ముకుంటారు. అల్లినవాళ్ళు దాన్ని మళ్ళీ చూడరు.

1979లో ఆవిడ చిన్నాన్న కూతురి కూతురు నళినికి ఇక్కడ పాప పుట్టింది. నళిని ల్యాబ్‌లో పనిచేస్తుంది, మొగుడు శ్రీధర్ గారు డాక్టరు. పాపని చూసుకోవడానికి ఎవరైనా కావాలి. పిన్నిని పిలిపించుకున్నారు. నాలుగు చీరలు, పది దారపు ఉండలు, రెండు లేసు సూదులు పెట్టెలో వేసుకుని అక్క విమానం ఎక్కేసింది.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చదివి మీరు వాళ్ళని తిట్టుకుంటారు. శ్రీధర్ గారు దగ్గరుండి ఆవిడకి గ్రీన్ కార్డు చేయించారు. ఎప్పుడూ ‘మీరు’ అనే పిలిచారు. నళిని ఇంటికొచ్చినవాళ్ళకల్లా ‘మా పిన్ని వంట తినాల్సిందే’ అని చెప్పేది. ఆ చెప్పే వేళకి పిన్ని వంటింట్లో ఉండేది. అంతే తేడా.

తప్పు కొంత అక్కదీ ఉంది. ఆ ఇంట్లో ఆవిడ నోరు విప్పి ఏదీ అడగలేదు. ఒకసారి కళ్ళజోడు కాడ విరిగింది. లేసు దారంతో కట్టుకుని ఎనిమిది నెలలు అలాగే తిరిగింది. నాలుగేళ్ళ పాప, విద్య, భోజనాల దగ్గర “డాడీ, అమ్మమ్మ గ్లాసెస్‌కి థ్రెడ్ ఉంది” అని చెబితే అప్పుడు చూశారు వాళ్ళు. ఆ సాయంత్రమే కొత్తది చేయించారు. అడిగితే మొదటి రోజే చేయించేవాళ్ళు.

ఇక అసలు సంగతి. నేను దగ్గర్లోని ట్రెంటన్‌లో పెళ్ళిగౌన్లు కుట్టే షాపులో పనిచేసేదాన్ని. ఓనరు ఒక ఇటలీ ముసలమ్మ. 1985 వేసవిలో చేత్తో లేసు పని చేసే మనిషి రిటైరైంది. అక్క అల్లిన ముక్కొకటి పట్టుకెళ్ళి ముసలమ్మకి చూపించాను. లైటు కింద పెట్టి, తిరగేసి, వెనక ముడులు చూసి, “ఈ చేతుల్ని తీసుకురా” అంది. షాపు పైన గది కూడా ఖాళీగా ఉంది, అందులో ఉండమంది. సెప్టెంబరు రెండో సోమవారం దాకా ఆగుతానంది. సెప్టెంబరుకి విద్య ఫస్ట్ గ్రేడ్, రోజంతా స్కూల్లోనే ఉంటుంది. అన్నీ కలిసొచ్చాయి. అక్క ఒక్క మాట అడగాలి, అంతే.

“అడిగావా?”

“పాపకి జ్వరంగా ఉందే.”

వారం తర్వాత, “అడిగావా?”

“శ్రీధర్ బాబు నైట్ డ్యూటీలో అలిసిపోయున్నాడు.”

“ఆయన అలిసిపోతే నీ నోటికేమైందక్కా?”

“నీకేం, నువ్వు పాలకొల్లు దానివి, గోడతోనైనా మాట్లాడతావు.”

ఆగస్టులో తనే వచ్చి చెప్పింది. “బ్రెజిల్ వెళ్తున్నామే. డాక్టర్ల మీటింగట. రియో అనే ఊరు. అక్కడ అందరూ తీరిగ్గా ఉంటారు కదా. అక్కడ అడుగుతా.”

“అడక్కపోతే?”

“అడక్కపోతే ఇంకో మనిషిని చూసుకోమను మీ ముసలమ్మని.”

ఆ తర్వాత జరిగింది నాకు అక్క చెప్పిందే. ఒకేసారి చెప్పలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ ఒక ముక్క, బస్సు కోసం నిలబడి ఒక ముక్క.

రియోలో వాళ్ళ హోటల్ సముద్రం ఎదురుగానే. హోటల్ ముందు రోడ్డు పక్కన నడిచే బాట నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు కలిపి పరిచారట. ఒక నల్ల అల, ఒక తెల్ల అల, అలా ఊరి చివరిదాకా. మొదటి రోజు కిటికీలోంచి చూసి, “ఎవరో నేల మీద లేసు అంచు కట్టారు” అనుకుందట. నాలుగు రోజులు ఆ కిటికీలోంచే చూసింది. శ్రీధర్ గారు మీటింగ్‌కి, నళిని ఫ్రెండ్స్‌తో షాపింగ్‌కి, అక్క, పాప గదిలో.

అయిదో రోజు మీటింగ్ లేదు. నళిని పొద్దున్నే వచ్చి, “పిన్నీ, ఇవాళ నీ రోజు. పాపని మేం బీచ్‌కి తీసుకెళ్తాం. నీకు టూర్ బస్సు బుక్ చేశాను, హాయిగా ఊరు చూసిరా” అంది. మనస్ఫూర్తిగానే అంది. “కొండ మీద పెద్ద ఏసుప్రభువు విగ్రహం ఉంటుంది, తప్పకుండా చూడు” అంది. అదే మంచి సమయం, అడిగేద్దామని అక్క నోరు తెరిచింది. “నళినీ” అంది.

“డబ్బులు చాలవా పిన్నీ?”

“చాలమ్మా, చాలు.”

హోటల్ పేరున్న కార్డు నళిని ఇచ్చింది. అక్క దాన్ని భద్రంగా సంచీలో పెట్టింది. కానీ ఆరేళ్ళుగా ఏది చేతికిచ్చినా పాప సంచీలో పెట్టడం అలవాటు. కార్డు పాప సంచీలోకి వెళ్ళింది, పాప సంచీ బీచ్‌కి వెళ్ళింది. అక్క సంచీలో ఒక అరటిపండు, దారపు ఉండ, సూది, సగం అల్లిన ముక్క ఉన్నాయి.

బస్సులో అంతా జంటలే. అక్క పక్క సీటు ఖాళీ. మైకులో ఒకతను ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు, అందరూ అటు చూస్తే అక్క అటు, ఇటు చూస్తే ఇటు. శ్రీధర్ గారు ముందురోజు మ్యాప్ చూపించి, “మన హోటల్ ఊరికి దక్షిణం కొసన పిన్నిగారూ, ఊరంతా మనకి ఉత్తరాన” అని చెప్పింది గుర్తుంది.

మొదట ఊరి నడిబొడ్డున ఒక పాత చర్చి దగ్గర దింపారు. అందరూ లోపలికి వెళ్ళారు. అక్క కూడా వెళ్ళేదే. కానీ పక్క మెట్ల మీద, చిన్న ముక్కాలిపీట వేసుకుని ఒకావిడ లేసు అల్లుతోంది. అక్కకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. నల్లటి మనిషి, తలకి గుడ్డ. ముందు ఒక దుప్పటి మీద అల్లిన ముక్కలు పరిచి ఉన్నాయి. అక్క అక్కడే ఆగిపోయింది. ఆవిడ వేళ్ళు చూస్తోంది. మనం దారాన్ని చూపుడు వేలికి చుట్టుకుంటాం, ఆవిడ చిటికెన వేలికి కూడా ఒక చుట్టు తిప్పుతోందట. అందువల్ల దారం జారదు. “ఇన్నేళ్ళలో మనకి ఆ ఆలోచన రాలేదేమే సుమతీ” అంది నాతో.

ఎంతసేపు చూసిందో తెలీదు. ఇటు తిరిగేసరికి బస్సు లేదు.

చర్చి చుట్టూ రెండుసార్లు తిరిగింది. లోపల చూసింది. బస్సు పెట్టిన చోట పావురాలున్నాయి. ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టలేదో, లెక్క తప్పారో. జంటల మధ్య ఒంటి మనిషి లేకపోతే ఎవరికి వెలితి?

లేసు ఆవిడ అక్కడే ఉంది. అడగొచ్చు. అక్క అడగలేదు. “ఆవిడ పనిలో ఆవిడుంది కదే” అంది నాతో. నాకు ఒళ్ళు మండింది, కానీ ఏమంటాం.

అక్కకి తన లెక్క గుర్తొచ్చింది. పన్నెండు కావొస్తోంది. ఎండ బాగా కాస్తోంది. హోటల్ దక్షిణాన ఉంది. నీడ ఉత్తరానికి పడుతుంది, కాబట్టి నీడకి ఎదురు నడవాలి. ప్లెయిన్స్‌బరోలో ఆరేళ్ళు తప్పని లెక్క. ఎండని మొహాన పెట్టుకుని, నీడని వెనకేసుకుని నడక మొదలుపెట్టింది.

నడిచింది, నడిచింది. పెద్ద పెద్ద ఆఫీసులు అయిపోయాయి. సందులు సన్నబడ్డాయి. షట్టర్లు వేసిన గోడౌన్లు వచ్చాయి. మగాళ్ళు గుంపులుగా నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు, చీర కట్టిన మనిషిని వింతగా చూస్తున్నారు. ఉప్పుగాలి తగిలింది. ‘అదిగో, సముద్రం వచ్చేసింది’ అనుకుని గబగబా వెళ్ళింది. నీళ్ళున్నాయి. ఇసుక లేదు. నల్లరాళ్ళ అల లేదు. పేద్ద ఓడలు, క్రేన్లు, తుప్పు వాసన.

ఒక గోడ నీడన కూర్చుని అరటిపండు తిన్నది. అప్పుడు తనకి వచ్చిన ఆలోచన నాకు చెప్పిన రోజు అక్క సూది ఆపేసింది.

“నాకు భయం వెయ్యలేదే. ఒకటే అనుకున్నాను. ఇప్పుడు నేను కనబడట్లేదని ఈ లోకంలో ఎవరికి తెలుసు? బస్సువాళ్ళకి తెలీదు. నళిని నేను బస్సులో ఉన్నాననుకుంటుంది. నరసాపురంలో వాళ్ళు నేను అమెరికాలో ఉన్నాననుకుంటారు. నువ్వేమో, నేను వాళ్ళతో ఉన్నాననుకుంటావు. అందరి లెక్కలోనూ ఉన్నాను, ఎక్కడా లేను.”

సూది మళ్ళీ అందుకుని మిగతాది చెప్పింది.

ఆ గోడ దగ్గర్నుంచి లేచి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. మూల మీద టోపీల కొట్టు, పచ్చ తలుపు, కుంటి కుక్క, అలా గుర్తుపట్టుకుంటూ. చర్చికి వచ్చేసరికి రెండు దాటింది. లేసు ఆవిడ పీట పక్కకి జరుపుకుని టిఫిన్ గిన్నె విప్పుకుంది. అన్నం, నల్ల గింజల కూర. రోడ్డుకి వీపు పెట్టి, ఒక్కతే, తీరిగ్గా తింటోంది.

అక్క వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. ఆవిడ తలెత్తింది.

“అమ్మా, దారి తప్పాను. మా హోటల్‌కి ఎలా వెళ్ళాలో చెప్పు,” అంది అక్క. తెలుగులోనే. ఇంక ఏ భాషలో అంటుంది?

ఆవిడ వాళ్ళ భాషలో ఏదో అంది. అక్క చేతులతో సముద్రం చూపించింది. ఆవిడ ఓడరేవు వైపు చెయ్యి చూపించింది. “అది కాదమ్మా, అది చూసే వచ్చాను,” అని అక్క మెట్టు మీద కూర్చుంది. సంచీలోంచి ఉండ తీసి, దారాన్ని మెట్టు మీద అలలాగా పరిచింది. ఒక అల, దాని పక్కన ఇంకో అల, ఇంకో అల. మధ్య ఖాళీలో తన చీర నల్లంచు పెట్టి, ఇది నలుపు, ఇది తెలుపు, అని వేలితో చూపించింది. కాలితో నేల తట్టి, ఇది నేల మీద ఉంటుంది అని చూపించింది.

లేసు ఆవిడ ఒక్క క్షణం చూసి నవ్వేసింది. “కోపకబానా!” అంది. ఆ పేరు నాలుగు రోజులుగా శ్రీధర్ గారి నోట వింటున్నదే. అక్క తల ఊపీ ఊపీ మెడ నొప్పి పుట్టిందట.

ఆవిడ వెంటనే పంపెయ్యలేదు. గిన్నె మూతలో కాస్త అన్నం, కాస్త కూర పెట్టి చేతికిచ్చింది. మాంసం ముక్క కనబడితే అక్క దాన్ని మెల్లిగా పక్కకి తీసింది, ఆవిడ దాన్ని తన గిన్నెలో వేసుకుంది. ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. తిన్నాక అక్క తన ముక్క ఇచ్చింది. ఆవిడ తిరగేసి వెనక ముడులు చూసింది. మా ముసలమ్మలాగే. దుప్పటి మీదినుంచి గుండ్రటి ముక్కొకటి తీసి అక్క సంచీలో పెట్టింది. బస్సు దాకా వచ్చి, కండక్టరుకి చెప్పి ఎక్కించింది. అక్క కిటికీలోంచి చూస్తే, ఆవిడ అప్పటికే వెళ్ళి తన పీట మీద కూర్చుంది.

“ఆవిడకి కూడా ఎవరూ లేరేమోనే,” అంది అక్క. “నేనున్నంతసేపూ ఎవరూ పలకరించలేదు. కానీ పీట మాత్రం తనది.”

కండక్టరు చెప్పిన చోట దిగితే కాళ్ళ కింద నల్ల అల, తెల్ల అల. సాయంత్రం నాలుగున్నర. గదికి వెళ్ళేసరికి నళిని సూట్‌కేసు సర్దుతోంది. శ్రీధర్ గారు టీవీ చూస్తున్నారు.

“వచ్చావా పిన్నీ. బాగుందా విగ్రహం?”

“బాగుందమ్మా.”

“బస్సు అయిదింటికి అన్నారే, తొందరగా వచ్చారు. పాపకి కాస్త తల దువ్వవూ, ఇసుకంతా పట్టింది.”

అక్క పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దువ్వింది. పాపే అడిగింది. “అమ్మమ్మా, నువ్వు ఆ బిగ్ స్టాట్యూ చూసావా? చేతులు ఎలా ఉంది?”

అక్క దువ్వెన కింద పెట్టి రెండు చేతులూ బార్లా చాపింది. పాప కూడా చాపింది. దారి పొడవునా గట్టిగా అనుకుంటూ వచ్చిన మాట పోయింది. జడ అల్లేసింది. రిబ్బను కట్టేసింది. కట్టడానికి ఇంకేమీ మిగల్లేదు.

“నళినీ, ఒకటి అడగాలమ్మా.”

“చెప్పు పిన్నీ,” అంది నళిని, మడతలు పెడుతూనే.

“నాకు ట్రెంటన్‌లో పనొకటి ఉందిట. లేసు పని. గది కూడా ఇస్తారు. సెప్టెంబరులో వెళ్ళనా?”

నళిని చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. “మా దగ్గర ఏం తక్కువైంది పిన్నీ?”

“ఏం తక్కువ కాలేదమ్మా.”

“మరి?”

అక్క దువ్వెనలోని ఇసుక దులిపింది. తప్పిపోయిన సంగతి వాళ్ళకి ఆ రోజు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. శ్రీధర్ గారు టీవీ కట్టేసి, “పిన్నిగారు ఎప్పుడైనా మనల్ని ఏదైనా అడిగారా నళినీ?” అన్నారు. నళిని చొక్కా మడత పెట్టి సూట్‌కేసులో పెట్టింది. మళ్ళీ తీసి మళ్ళీ మడత పెట్టింది. “స్కూలు తెరిచిన వారం ఉండి వెళ్ళు,” అంది. ఏడ్చింది కూడా. అక్క ఏడవలేదు, నళినికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆయన జగదీష్ ఈ నీడ సంగతి విని పకపకా నవ్వారు. “అక్కగారూ, అది భూమధ్యరేఖకి కింద ఉన్న ఊరండీ. అక్కడ మధ్యాహ్నం ఎండ ఉత్తరాన ఉంటుంది, నీడ దక్షిణానికి పడుతుంది. మీరు తిన్నగా వెనక్కి నడిచారు.”

“అలాగా బాబూ,” అంది అక్క. “ఆ ముక్క బయల్దేరేటప్పుడు ఒకరూ చెప్పలేదేం?”

“మీరు అడగలేదు కదండీ.”

ఆవిడా నవ్వింది అప్పుడు.

సెప్టెంబరు రెండో వారం నుంచి అక్క నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆ షాపులో ఆవిడ చెయ్యి పడని గౌను లేదు. దారాన్ని చిటికెన వేలికి చుట్టడం నాకూ నేర్పింది. ఇంత బాగుందని రాసి ఆపేస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. పైన గదిలో ఆవిడ ఒక్కతే. మొదటి నెలంతా నలుగురికి సరిపడా అన్నం వండేసేది, పొద్దున్న నా డబ్బాలో సర్దేది. విద్యని నళిని రెండు ఆదివారాలు తీసుకొచ్చింది. తర్వాత పాపకి స్విమ్మింగ్ క్లాసులొచ్చాయి. ఫోన్ చేస్తే పాప “హాయ్ అమ్మమ్మా, బై అమ్మమ్మా” అనేది. ఒకసారి నేను అడిగాను, మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళిపోవాలనిపిస్తుందా అక్కా అని. “రోజూ సాయంత్రం అనిపిస్తుంది. పొద్దున్నకి పోతుంది,” అంది.

రియో ముక్కని కిటికీకి కట్టింది. పొద్దున ఎండకి దాని నీడ గోడ మీద పడుతుంది, గుండ్రంగా, చిల్లులు చిల్లులుగా. వచ్చినవాళ్ళు అదెక్కడిదంటే, “బ్రెజిల్‌ది, విగ్రహం చూడ్డానికి వెళ్ళినప్పుడు కొన్నాను” అని చెప్పేది. నా మొహం చూసేది కాదు.

1987లో ఒక శనివారం. పని అయ్యాక పైకి వెళ్ళి టీ తాగాను. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు, బస్సు పావుగంటలో ఉంది. లేచి చెప్పులేసుకున్నాను. అక్క కప్పులు కడుగుతోంది, ఇటు తిరగలేదు.

“సుమతీ, ఇంకో బస్సుకి వెళ్ళవే. ఊరికే. ఏం పని లేదు.”

చెప్పులు విప్పి కూర్చున్నాను.